నీడ పట్టని కెమెరా

హుజూర్‌నగర్‌ల నూరుద్దీన్ స్టూడియో షట్టర్ పొద్దుగాల సగం లేవంగనే లోపలి నీడలన్ని గోడకు జరిగి తొవ్వ ఇచ్చేటియి. నూరుద్దీన్ బిడ్డ జాహేదా చీపురు పట్టుకొని వంగి లోపలికొచ్చేది. స్టూలు తుడిచి, లైట్ల మీది దుమ్ము దులిపి, చెరువూ హంసలూ గీసిన పరదాను సాపు చేసేది. అటెన్క గోడదిక్కు తిరిగి చూసేది. నిన్న ఫోటో దిగినోళ్ళ నీడలు ఎన్ని ఉన్నయి, ఇయ్యాల ఎవలియి పోతయి, ఎవలు పనులల్ల పడి ప్రింటు సంగతే మర్చిపోయిండ్రు అని లెక్క చూసుకునేది.

ఫోటో దిగినోళ్ళ నీడ ప్రింటు చేతికొచ్చేదాక స్టూడియోల్నే ఉంటది. గిది ఆ ఊరి రివాజు. మిట్ట ఎండల నీడ లేకుండ పోయేటోన్ని చూస్తే "ఏందే, ఫోటో దిగినవా?" అని అడిగి ఎవల తొవ్వన వాళ్ళు పోతరు. ప్రింటును ఫోటో తీసినోళ్ళ చెయ్యే ఇయ్యాలె, దిగినోళ్ళ చెయ్యే తీసుకోవాలె. అప్పుడు నీడ గోడ దిగొచ్చి కాళ్ళకు అంటుకుంటది. వేరేటోళ్ళు ఇస్తే అది ఉత్త కాయితమే, నీడ కదలదు.

దీంతోని ఉన్న తిప్పల ఒక్కటే. నీడ లేని మనిషి ఊరి పొలిమేర దాటలేడు. మిర్యాలగూడ బస్సు సాగర్ కాలువ బ్రిడ్జి కాడికి రాంగనే కండక్టర్ ఈల వేసి, "ఫోటో దిగినోళ్ళెవలన్న ఉంటే దిగుండ్రి!" అని ఒర్రేటోడు. దిగేది లేదని మొండికేసి కూసున్నోళ్ళు గూడ లేకపోలేదు. బస్సు బ్రిడ్జి దాటిపోయేది. వాళ్ళు మాత్రం సంచి ఒళ్ళె పెట్టుకొని నడిరోడ్డు మీద కూసోని ఉండేటోళ్ళు. కింద సీటు లేదు, చుట్టూ బస్సు లేదు. చూసినోళ్ళు "లెవ్వయ్యా, వెనకకెళ్ళి లారీ వస్తాంది" అని రెక్క పట్టి లేపేటోళ్ళు.

జాహేదాకు ఇరవై ఎనిమిదేండ్లు. ఆమె నీడకు పన్నెండు.

ఆమె పిల్లగున్నప్పుడు పక్క పల్లెకెళ్ళి గోషాల ఉండే బీబీ ఒకామె వచ్చింది. పరాయి మగోని ముందట ముసుగు తియ్యనంటే తియ్యనన్నది. నూరుద్దీన్ కెమెరా అంత సదిరిపెట్టి, తను బయట నిలవడి, బిడ్డతోని నొక్కిపిచ్చిండు. ఫోటో ఎంత మంచిగ పడ్డదంటే, ఆ ఖుషీల బిడ్డను గూడ స్టూలు మీద కూసోబెట్టి ఒకటి తీసిండు. "రేపు కడిగి ఇస్త బేటీ" అన్నడు. తెల్లారేసరికి స్టూడియో ముందట ఆడోళ్ళు బారు కట్టిండ్రు. ఇగ ఆ రేపు రాలే.

అప్పటిసంది పగటీలి బువ్వ తిన్నంక పొద్దు గుంకేదాక ఆడోళ్ళ వేళ. నూరుద్దీన్ బయట అరుగు మీద కూసునేటోడు, లోపల జాహేదా ఫోటోలు తీసేది. ముస్లిం ఇండ్ల ఆడోళ్ళు, పల్లెల పెద్దిండ్ల కోడండ్లు, పెండ్లి సంబంధానికి ఫోటో పంపేటి పిల్లలు అందరు ఆమె దగ్గరికే వచ్చేటోళ్ళు. వాళ్ళ గదువ పట్టి జర పక్కకు తిప్పి, "ఇగ కదలకు" అనేది. ఆ పిల్లలు ప్రింటు తీసుకొని, నీడను ఎంబడివెట్టుకొని, పెండ్లి చేసుకొని బ్రిడ్జి దాటిపోయేటోళ్ళు. జాహేదాకు వచ్చిన సంబంధాలు కాలువ అవతలియి. అవి కాలువ అవతల్నే ఆగిపోయినయి.

తండ్రి ఆ నెగెటివ్‌ను సందుగుల పెట్టి తాళం వేసుకున్నడు. ఒకసారి ఆయన జరమొచ్చి పండుకున్నప్పుడు ఆమె తీసి, తనే ప్రింటు వేసి చూసింది. కాయితం మీద స్టూలు వచ్చింది, పరదా వచ్చింది, హంసలొచ్చినయి. స్టూలు మీద ఎవ్వలు లేరు. నొక్కినోళ్ళ చెయ్యి కాకపోతే గట్లనే అయితది మరి.

ఆ పన్నెండేండ్ల నీడ రెండు జడలేసుకొని స్టూడియోల తిరుగుతుండేది. గిరాకీ లేనప్పుడు స్టూలు ఎక్కి కాళ్ళూపేది. ఒక్కోపారి జాహేదాకు దాన్ని చూస్తే ఒళ్ళు మండేది. "నీకేం ఫికర్, ఆడుకో" అని చీపురుతోని అదిలిచ్చేది. నీడ బెదిరి పరదా ఎనకకు పోతే, అయ్యో పాపం అని మళ్ళ పిలిచేది.

గట్ల ఏండ్లు గడుస్తుంటే పాత కెమెరా ముసలిదైంది. దాని లోపలి నల్లగుడ్డకు బొక్కలు పడ్డయి. ఫోటోల మీద తెల్ల చుక్కలొచ్చుడు మొదలైంది. ఫోటోలైతే పెన్సిలుతోని దిద్దొచ్చు, నీడల సంగతేంది? ఒకనాడు కూరగాయలమ్మే సైదమ్మ గంప నెత్తిమీద పెట్టుకొనే కొట్లాటకొచ్చింది.

"ఓ నూరుద్దీన్ సాబ్, ఇగో చూడు నా నీడ! మంచిగున్న నీడను ఇచ్చిపోతె నడుమ బొక్క చేసి ఇస్తివి. అంగట్ల కూసుంటే పిల్లగాండ్లు ఆ బొక్కల గోళీలాడుతున్నరు!"

నిజమే. సైదమ్మ నీడ నడుమ అరచెయ్యంత ఎండ గుండ్రంగ పడుతాంది. నూరుద్దీన్ సిగ్గుతోని తలకాయ గోక్కున్నడు. ఇగ కొత్త కెమెరా కొనకపోతే స్టూడియో నడవదని ఆనాడే తేలిపాయె.

పట్నంల కెమెరాలమ్మే సేటు దగ్గర పనిచేసే ఖుద్దూస్ ఆ వారం ఊర్లెకొచ్చిండు. తళతళ మెరిసే రంగుల అంగీ, నోట్లె పాను. సంచిల నుంచి రెండు కెమెరాలు తీసి బల్ల మీద పెట్టిండు. రెండూ నల్లయే. రెండూ ఒక్కతీరు బరువు, ఒక్కతీరు లెన్సు. ధర గూడ పది ఇరవై తేడా.

"కొత్తగ దుకాణం పెట్టేటోళ్ళకు, చిన్న స్టూడియోలకు గీ రెండే సరి, నూరు భాయ్. ఎక్కువ షోకు లేదు, తక్కువ పని లేదు. సోమారం దాక పెట్టుకో. రెండిట్ల రీలేసి చూడు. నచ్చింది ఉంచుకో, ఇంకోటి నాకు వాపస్ ఇయ్యి."

"తేడా ఏంది మరి?" అని నూరుద్దీన్ అడిగిండు.

"దీంట్ల కంటికి పెట్టుకుంటే సన్నటి ముల్లు కనపడ్తది, వెలుతురు సరిపోయిందా లేదా చెప్తది. దాంట్ల ముల్లుకు బదులు ఎర్రబత్తి పచ్చబత్తి. గంతే. ఆఁ, ఇంకోటి. బత్తులున్నదానికి ముందట గీ మీట ఉన్నది." ఖుద్దూస్ ఆ కెమెరా ముక్కు పక్కన ఉన్న చిన్న మీటను చూపిచ్చిండు. "గిది తిప్పి, నొక్కి, పోయి కూసోవచ్చు. జరసేపాగి దానంతట అదే కొడ్తది. తీసేటోడు గూడ ఫోటోల పడ్తడన్నట్టు."

అప్పుడే కల్లుగీసే కాటమయ్య ఫోటోకని వచ్చి కూసోని ఉండె. ఖుద్దూస్ ఆయనను స్టూలు మీద కూసోబెట్టి, కెమెరాను కాళ్ళ మీద నిలబెట్టి, మీట తిప్పి, నొక్కి, ఉరికొచ్చి కాటమయ్య భుజం మీద చెయ్యేసి నిలవడ్డడు. కెమెరా జుయ్యిమని తిరిగి, టక్కుమన్నది. కాటమయ్య లేసి రెండడుగులేసి, కిందికి చూసుకున్నడు. నీడ ఆయన ఎంబడే ఉన్నది. ఖుద్దూస్‌ది గూడ తన కాళ్ళకే ఉన్నది.

"గిదేం కెమెరా సాబ్? నీడనే పట్టకపాయె" అని కాటమయ్య మొఖం చిన్నగ చేసుకున్నడు. "నీడ పట్టకుంటే అది ఫోటో ఎట్ల అయితది?"

ఖుద్దూస్ కంగారుపడి మీట వదిలేసి, నూరుద్దీన్‌ను ఏలుతోని నొక్కి ఇంకోటి తియ్యమన్నడు. ఈసారి కాటమయ్య నీడ మంచిగ గోడెక్కింది. కాటమయ్య ఖుషీగ నీడ లేకుండ ఇంటికి పోయిండు. "మీట తిప్పినప్పుడే గట్ల" అని ఖుద్దూస్ గొణుక్కుంట సంచి సదురుకొని మధ్యాన్నం బస్సుకు పోయిండు.

ఇగ ఆనాటిసంది నూరుద్దీన్‌కు వేరే పని లేకపాయె. రెండు కెమెరాలను పక్కపక్కన పెట్టుకొని చూసుడే. ఒకదాన్ని చెవి దగ్గర పెట్టుకొని నొక్కి ఇనేటోడు, కుండను తట్టి చూసినట్టు. ఇంకోదాన్ని పెట్టుకొని ఇనేటోడు. రాత్రి ముల్లుది మంచిదనేటోడు, పొద్దుగాల బత్తులది మంచిదనేటోడు. వచ్చినోళ్ళంత ఒక మాటేసి పోయేటోళ్ళు. నీడ కోసం మళ్ళొచ్చిన కాటమయ్య, "ఎడ్లనైతే పండ్లు చూస్తం, జర నడిపిచ్చి చూస్తం. గీటికి పండ్లు లేకపాయె, కాళ్ళు లేకపాయె" అని పెదవి ఇరిచిండు. లోపల్నుంచి జాహేదా తల్లి అన్వరీ బేగం ఊకోలే.

"మియా, నన్నైతే చూడకుండనే చేసుకున్నవు. ఆ రెండు డబ్బాలను ఇన్ని దినాలు చూసుడేంది?"

నూరుద్దీన్ నవ్వలే. రెండు కెమెరాలను బిడ్డ ముందటికి జరిపిండు. "నువ్వే చూసి చెప్పు బేటీ. ఇంకో ఇరవై ఏండ్లు దాంతోని పని నీకే గదా."

ఆయన ప్రేమతోనే అన్నడు. జాహేదాకు మాత్రం ఇరవై ఏండ్లన్న మాటే ఇనపడ్డది. ముల్లు కెమెరాను కంటికి పెట్టుకొని చూసింది. స్టూలు, పరదా, హంసలు. దాన్ని దించి బత్తులదాన్ని పెట్టుకున్నది. స్టూలు, పరదా, హంసలు. ఏ కెమెరాలకెళ్ళి చూసినా గదే గోడ. దీనికా ఇంత ఏరుడు? బాయిల ఉన్న కప్పకు రెండు చేదలు చూపిచ్చి ఏది మంచిగున్నదని అడిగినట్టుండె. పోనీ కప్పకన్న నయం, చేద ఎక్కి మీదికొస్తది.

నిర్మలమ్మ టీచర్ వచ్చింది ఆ దినాలల్లనే. ఆమె ఊర్లె బడిల పాఠాలు చెప్పి, బదిలీ అయి నల్గొండ పోయి రెండేండ్లయింది. జాహేదాను సొంత చెల్లెలు లెక్క చూసేది. ఆడోళ్ళ వేళ అయిపోవస్తుంటే, గిరాకీ పల్చబడ్డంక స్టూలు మీద కూసోని, కొంగుతోని ఇసురుకుంట అసలు మాట చెప్పింది.

"మా ఇంటి ముందటి గది ఖాళీ అయింది జాహేదా. పానగల్ పోయే తొవ్వల, ఆడపిల్లల కాలేజీ దగ్గర. పరీక్ష ఫారాలకు ఫోటో కావాలంటే మా పిల్లలు మగోళ్ళ స్టూడియోకు పోనీకి సిగ్గుతోని సస్తున్నరు. నువ్వొచ్చి ఆడోళ్ళ స్టూడియో పెట్టు. నువ్వు నిలదొక్కుకునేదాక కిరాయి మాట ఎత్తను, కెమెరాకు పైసలు గూడ నేనే సదురుత."

జాహేదా చేతిల లెన్సు తుడిచే గుడ్డ అట్లనే ఆగిపాయె. "నేనెట్లొస్తనక్కా?" అని కింద చూపిచ్చింది. బయటి ఎండ లోపలిదాక వస్తాంది. నిర్మలమ్మ నీడ ఉన్నది, స్టూలు నీడ ఉన్నది. జాహేదా కాళ్ళ కాడ ఏం లేదు.

"ఎరికే. మీ నాయినను గట్టిగ అడుగు. వచ్చే సోమారం కాలేజీ తెరుస్తరు. నువ్వు రాకపోతే ఆ గదిని ఎస్‌టీడీ బూతుకు అడుగుతున్నరు, మా ఆయన ఇచ్చేస్తడు. నా చేతుల గంతకన్న లేదు తల్లీ."

ఆనాడు తండ్రి అన్నం తింటున్నప్పుడు జాహేదా అడిగింది. ఇంట్ల ఎప్పుడు ఉర్దూల మాట్లాడేటిది ఆనాడు తెలుగుల అడిగింది, దుకాణం మాట లెక్క. "అబ్బా, నా ప్రింటు ఇయ్యి. సోమారం నేను నల్గొండ పోవాలె."

నూరుద్దీన్ ముద్ద పళ్ళెంల పెట్టిండు. "రేపు చూస్త బేటీ."

"పదహారేండ్ల సంది గదే రేపు అబ్బా. నువ్వు నాకు ఎన్నడు చెయ్యెత్తలే, తిట్టలే, తిండికి బట్టకు తక్కువ చెయ్యలే. గంత ప్రేమ ఉన్నోనివి నా నీడ నాకు ఎందుకియ్యవు? ఈ నాలుగు గోడల నడుమ నాకు ఊపిరాడ్తలేదు!"

అన్వరీ బేగం గ్లాసు పట్టుకొని అట్లనే నిలవడ్డది. నూరుద్దీన్ పళ్ళెం పక్కకు జరిపిండు. ఆయన కాళ్ళ కాడ గూడ నీడ లేదు. ఫోటోలు తీసేటోడు గదా, గట్లనే ఉంటడేమో అని ఊరోళ్ళు ఎన్నడు అడగలే, బిడ్డ గూడ అడగలే.

"నాది మా నాయిన దగ్గరుండె" అన్నడు మెల్లగ. "ఆయన గూడ రేపనే అన్నడు. గా రేపు రాకముందే గుండాగి పోయిండు. నెగెటివ్‌కు చెదలు పట్టింది, గోడ మీది నీడ గూడ దాంతోనే రాలిపోయింది. ఉన్నా ఏం లాభం, ఇచ్చే చెయ్యి మట్టిల కలిసె. నేను బ్రిడ్జి దాటలే. నాకేమన్న తక్కువైందా? పెండ్లి కాలేదా, పిల్ల పుట్టలేదా? నువ్వు గూడ ఉంటవు. అందరు పోతే నేనెవలితోని ఉండాలె?"

జాహేదాకు తండ్రి మీద కోపం, జాలి రెండు ఒక్కసారే వచ్చినయి. ఏది ముందట పెట్టాల్నో తెలువక లేసి చేతులు కడుక్కున్నది. ఆయన ఆమె నీడను దాచిపెట్టింది చెడ్డతనంతోని కాదని ఎరుకైంది. చెడ్డతనమైతే ఎదిరిచ్చేది. గిదేమో ప్రేమతోని కట్టిన కొట్టం, దీన్ని ఎట్ల ఇరగ్గొట్టాలె?

శుక్కురారం నూరుద్దీన్ స్నానం చేసి, అత్తరు రాసుకొని జుమ్మా నమాజుకు పోయిండు. జాహేదా స్టూడియోల ఒక్కతే ఉన్నది. కెమెరాలు రెండూ బల్ల మీద ఉన్నయి. సోమారం ఖుద్దూస్ వస్తడు, ఏదో ఒకటి చెప్పాలె. రెండిటిని గుడ్డతోని తుడుస్తుంటే ఆమె ఏలు ఆ మీట మీద పడ్డది. కాటమయ్య మొఖం యాదికొచ్చింది. మీట తిప్పితే ఎవల నీడ వాళ్ళ ఎంబడే పోయింది. ఎందుకు పోయింది? ఖుద్దూస్ నొక్కి ఇడిసిపెట్టిండు, ఫోటో పడే యాళ్ళకు ఎవల ఏలూ దాని మీద లేదు. ఎవలు పట్టకపోతే నీడ ఎవల దగ్గర ఉంటది? తన దగ్గర్నే ఉంటది.

మరి నీడనే లేనిదాని సంగతి? తనే తిప్పి, తనే కూసోని, తనే కడిగి, తన చేతికి తనే ఇచ్చుకుంటే?

లోపలికి ఉరికి తల్లికి చెప్పింది. అన్వరీ బేగం బియ్యంల రాళ్ళేరుతాంది. బిడ్డ చెప్పిందంత ఇని, చాట పక్కకు పెట్టి లేసింది.

"నేను పానగల్‌ల మా అమ్మగారింటికి పోయినప్పుడల్లా నువ్వు బ్రిడ్జి దాక వచ్చి దిగిపోతుంటివి. బస్సు అద్దంలకెళ్ళి ఎనకకు చూడనీకి నాకు దమ్ముండకపోతుండె" అన్నది. పోయి షట్టర్‌ను సగం దించి, ముందట పీటేసుకొని కూసున్నది. "ఎవలన్న వస్తే నేను చెప్పుకుంట. కొంగు మంచిగ సదురుకో. ఊకె పరేషాన్ మొఖం పెట్టకు."

జాహేదా కొత్త రీలేసింది. మీట తిప్పి, నొక్కి, ఉరికింది. స్టూలు మీద సగం కూసునేలోపు టక్కుమన్నది. మళ్ళ తిప్పింది. ఈసారి ఉరకలే, నడిచింది. కూసోని, వీపు నిలబెట్టి, కెమెరాదిక్కు చూసింది. జుయ్యి... మని మీట తిరుగుతాంది. పెండ్లిపిల్లలకు, బాలింతలకు, ముసలోళ్ళకు ఎందరికో కదలకు కదలకు అని చెప్పింది గని, అట్ల కదలకుండ కూసునుడు ఎంత కష్టమో ఎన్నడు ఎరుక లేదు. రెండు జడల నీడ గోడ దిగొచ్చి ఆమె మోకాలుకు ఆనింది. "జర జరుగు బిడ్డా. గిది నా ఒక్కదాని ఫోటో" అన్నది జాహేదా. నీడ పక్కకు జరిగి మూతి ముడుచుకొని నిలవడ్డది. కెమెరా టక్కుమన్నది.

చీకటి గదిల రీలు కడిగింది, ఫ్యాను ముందట ఆరబెట్టింది. ఎర్రబత్తి వేసింది. ప్రింటు కాయితాన్ని మందు నీళ్ళల్ల ముంచి కళ్ళార్పకుండ చూసింది. ముందుగాల స్టూలు కాళ్ళొచ్చినయి. హంసలొచ్చినయి. ఎన్కటి లెక్కనే ఖాళీ స్టూలే మిగులుతదని ఆమె పానం ఉసూరుమన్నది. అప్పుడు మెల్లగ కొంగు అంచొచ్చింది. చేతులొచ్చినయి. కండ్లొచ్చినయి. ఇరవై ఎనిమిదేండ్ల ఆడిది, ఎవల బిడ్డా అని అడగబుద్ధయ్యేంత నిటారుగ కూసోని ఉన్నది.

తడి ప్రింటును కుడిచేత పట్టుకొని వెలుతుర్లకొచ్చింది. "ఇగ తీస్కో జాహేదా" అని ఎడమచేతికి ఇచ్చుకున్నది.

కాళ్ళ కాడ ఎవలో చాప పరిచినట్టయింది. కిందికి చూసింది. పొడుగ్గ, కొంగుతోని, ఆమెంత నీడ. అడుగేస్తే అడుగేసింది. జాహేదా అక్కడ్నే కూలబడి, నేలను చెయ్యితోని తడుముకుంట ఎక్కెక్కి ఏడ్చింది. అన్వరీ బేగం గూడ ఏడ్చుకుంటనే, "లెవ్వు, మీ అబ్బ వచ్చే యాళ్ళయింది" అన్నది.

నూరుద్దీన్ షట్టర్ లేపి లోపలికొచ్చిండు. స్టూడియోల బిడ్డ నిలవడి ఉన్నది. బిడ్డ కాళ్ళకు నీడ ఉన్నది. గోడకు రెండు జడల నీడ ఎప్పటి లెక్కనే ఉన్నది. ఆయన అటు చూసిండు, ఇటు చూసిండు.

"గిదెక్కడిది?"

"నాదే అబ్బా. బత్తుల కెమెరాతోని నేనే తీసుకున్న, నేనే ఇచ్చుకున్న. నీ సందుగు ముట్టలే."

నూరుద్దీన్ స్టూలు మీద కూసోని టోపీ తీసి ఒళ్ళె పెట్టుకున్నడు. "గా దిక్కుమాలిన కెమెరాను వాపస్ ఇచ్చేస్త" అన్నడు. ఆ మాటల జోరు లేదు. రెండు జడల నీడ పోయి ఆయన పక్కన నిలవడ్డది. ఆయన దాని నెత్తి మీద చెయ్యి పెట్టబోతే గోడ తాకింది.

ఆదివారమంత తండ్రీబిడ్డలు మాట్లాడుకోలే. జాహేదా బట్టలు మూటగట్టింది. ఆడోళ్ళ ఫోటోలు తియ్యనీకి సైదమ్మ బిడ్డను పెట్టుకొమ్మని తల్లితోని చెప్పిచ్చింది.

సోమారం పొద్దుగాల మిర్యాలగూడ బస్సుల జాహేదా కిటికీ పక్కన కూసున్నది. అన్వరీ బేగం అటుకుల మూట చేతిలపెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని దిగిపోయింది. బస్సు కదిలే యాళ్ళకు నూరుద్దీన్ రొప్పుకుంట ఎక్కి, బిడ్డ పక్కన కూసున్నడు. రెండు కెమెరాల సంచి ఒళ్ళె ఉన్నది.

"బ్రిడ్జి దాకొస్త" అన్నడు. కండక్టర్ ఆయన కాళ్ళదిక్కు చూసి టికెట్ కొట్టలే.

రైసుమిల్లులు ఎనకకు పోతున్నయి. నూరుద్దీన్ సంచి మూతి తెరిచి, మూసి, మళ్ళ తెరిచిండు. "ఇయ్యాల ఖుద్దూస్ వస్తడు. నాకు ఇప్పటికి తేలలే. ఏది ఉంచమంటవు?"

జాహేదా తండ్రి మొఖం చూసింది. ఈ కెమెరా సంగతి తప్ప వేరే మాట ఆయన నోటికి రాదని ఆమెకు సమజైంది. "బత్తులది ఉంచు అబ్బా."

"అది నీడ పట్టది గదా."

"ఏలుతోని నొక్కితే పడ్తది. గిరాకీకి ఏం కాదు."

"మరి రెండిట్ల ఏదైతేంది? ముల్లుదే జర గట్టిగుంటదని ఖుద్దూస్ అంటడు."

"బత్తుల్దే ఉంచు" అన్నది జాహేదా. ఇంకా ఏదో చెప్పబోయింది గని, కండక్టర్ ఈల వేసిండు.

"ఫోటో దిగినోళ్ళెవలన్న ఉంటే దిగుండ్రి!"

నూరుద్దీన్ లేసిండు. బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి, ఏదో గొణిగి, సంచి చంకల పెట్టుకొని దిగిపోయిండు. జాహేదా లెవ్వలే. ఎండ కిటికీలకెళ్ళి వచ్చి, ఆమె నీడను ముందటి సీటు మీద పరిచింది. బస్సు గేరేసింది. నూరుద్దీన్ రోడ్డు పక్కన రెండడుగులు ఎనకకు పోయిండు. మళ్ళ ఉరికొచ్చి కిటికీ ఊచ పట్టుకున్నడు. యాభై ఐదేండ్ల మనిషి మొఖం పిల్లగాని మొఖం లెక్కయింది.

"బేటీ, గా మీట ఎటు తిప్పాలె? మీదికా కిందికా?"

"కిందికి అబ్బా!" జాహేదా కిటికీలకెళ్ళి సగం బయటికి వంగింది. "కిందికి తిప్పి, పైనుంచి నొక్కు. తిప్పినంక ఉరకకు, మెల్లగ పోయి కూసో. టైం ఉంటది."

ఆయన తలూపి ఊచ ఇడిసిపెట్టిండు. బస్సు బ్రిడ్జి ఎక్కింది.